మొహాల మేస్త్రి

మొన్న మా వీధి చివర కొత్త ఇంటికి దిష్టిబొమ్మ కట్టారు. నల్లటి మొహం, తెల్లటి కోరలు, గడ్డం దాకా వేలాడే ఎర్ర నాలుక. బజారులో కొన్నది. పక్కింటికీ అదే మొహం, ఎదురింటికీ అదే మొహం. ఒక్కొక్క ఇంటి మీద ఒక్కొక్క రకం ఏడుపు పడుతుంటే అందరికీ ఒకే మొహం ఎలా సరిపోతుందని మా మనవణ్ణి అడిగాను. "తాతయ్యా, నీకింకేం పని లేదా?" అన్నాడు వాడు. నిజంగానే లేదు. కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళను చూడటం తప్ప నాకు చేతనైన పని ఏదీ మిగల్లేదు. అది కూడా మధ్యాహ్నమయ్యేసరికి విసుగొస్తుంది.

ఆ బొమ్మను చూసినప్పటి నుంచీ మేస్త్రి జ్ఞాపకం వస్తున్నాడు. వస్తే వచ్చాడు, పోవడం లేదు. ఆయన సంగతి బయటికి చెప్పకూడని రోజులు కొన్ని ఉండేవి. అవి దాటిపోయాయి. దానితో సంబంధం ఉన్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే దాటిపోయారు. ఇప్పుడు చెప్పినా నష్టపోయేవాళ్ళు లేరు, వినేవాళ్ళు ఉన్నారో లేదో తెలియదు. అయినా చెబుతాను.

నాది సత్తెనపల్లిలో సున్నం కొట్టు. ఈ కాలంవాళ్ళకు సున్నమంటే తమలపాకుల పక్కన చిన్న డబ్బాలో ఉండేదే. ఆ రోజుల్లో సున్నం లేకుండా ఇల్లు లేవలేదు. పిడుగురాళ్ల బట్టీల నుంచి కాల్చిన రాయి బండ్ల మీద వచ్చేది. మేస్త్రులు దాన్ని తడిపి, ఇసుక కలిపి, ఎద్దు తిప్పే గానుగలో వెన్నలా రుబ్బించుకునేవాళ్ళు. యాభైల్లో పత్తి, మిరప కాస్త కలిసొచ్చాయి. కలిసొచ్చిన ప్రతివాడికీ మేడ కావాలి. మేడ లేచాక ఊరి కళ్ళన్నీ దాని మీదే ఉన్నాయన్న బెదురు పట్టుకునేది. ఆ బెదురే మేస్త్రికి అన్నం పెట్టేది.

ఆయన తుళ్లూరు వైపు నుంచి వచ్చిన సాయిబు. గోడలు కట్టడు, గచ్చు చెయ్యడు. ఇల్లంతా పూర్తయ్యాక వచ్చి వాకిలి పైన ఒక పెద్ద మొహం, డాబా మీది వాన నీళ్ళు పడే తూముల దగ్గర చిన్న మొహాలు, గానుగ సున్నంతో చేసి వెళ్ళిపోతాడు. అందుకే మొహాల మేస్త్రి అనేవాళ్ళం. అసలు పేరు నాకు తెలుసు. రాయను.

ఆ మొహాలు సింహాలా అంటే సింహాలు కావు. ఎద్దు ముక్కు, పిల్లి చెవులు, పంది కోరలు, వాటన్నిటి మధ్యా మనకు బాగా తెలిసిన ఏదో ఒక మనిషి కోపం. వాన పడితే తూము మొహాలు నోళ్ళు తెరుచుకుని వీధిలోకి నీళ్ళు కక్కేవి. కింద నడిచేవాళ్ళు తిట్టుకుంటూ పక్కకు తప్పుకునేవాళ్ళు. ఇది ఏం జంతువు మేస్త్రీ అని నేను ఒకసారి అడిగాను.

"అల్లా చెయ్యని జంతువండి. ఆయన చేసినవి నేను ముట్టుకోను. ఆయన పనిలో వేలు పెడితే రేపు పైకి పోయాక జవాబు చెప్పుకోవాలి. ఆయన ఎందుకొచ్చిన గొడవలే అని వదిలేసినవి ఉన్నాయి చూశారూ, అవి నావి" అన్నాడు.

వేళాకోళానికి అన్న మాట కాదది. నమాజు వేళకు పరంజా దిగి, మోచేతుల దాకా సున్నం కడుక్కుని, నా కొట్టు వెనక నీడలో చాప వేసుకునేవాడు. ఒక పత్తి వ్యాపారి చనిపోయిన తన తండ్రి మొహాన్ని పిట్టగోడ మీద చెయ్యమని పట్టుబట్టాడు. "మీ నాన్నగారిని అల్లా ఒకసారి చేశాడు కదండీ, మళ్ళీ నేనెందుకు?" అని సంచి సర్దుకుని వచ్చేశాడు. ఆ పని పోయినందుకు ఆయన బాధపడగా నేను చూడలేదు.

ఆయన పని చేసే తీరు చూడటానికి జనం నిలబడేవాళ్ళు. పరంజా కర్రకు ఒక అద్దం ముక్క కట్టుకునేవాడు. ముందు తన మొహాన్ని అద్దంలో మెలిపెట్టేవాడు. పెదవి పైకి లాగి, కనుగుడ్లు బయటికి తెచ్చి, ముక్కు ఉబ్బించి, అలాగే బిగబట్టుకుని చేతులతో సున్నాన్ని నొక్కుకుంటూ పోయేవాడు. వీధిలోవాళ్ళు ఎంత నవ్వినా ఆయన చెవికెక్కేది కాదు. సాయంత్రానికి ఆయన మొహం పిండి ఆరేసిన గుడ్డలా ఉండేది. నా కొట్టు ముందు బల్ల మీద కూలబడి, దవడలు రెండు చేతులతో పట్టుకుని కూర్చునేవాడు.

"చేతులు పీకుతున్నాయా మేస్త్రీ?" అంటే, "చేతులు కాదండి, మొహం" అనేవాడు. "మా ఇంట్లోది గుమ్మంలోనే ఆపుతుందండి. మామూలు మొహం పెట్టుకుని లోపలికి రమ్మంటుంది. ఏది మామూలుదో ఒక్కోసారి నాకే గుర్తు రాదు."

నవ్వుతూనే అనేవాడు గానీ ఆ నవ్వు కూడా నీరసంగా ఉండేది. నాకు ఆయన ఎప్పుడు గుర్తొచ్చినా అలా దవడలు పట్టుకుని కూర్చున్న మనిషే గుర్తొస్తాడు.

వాకిలి మీది పెద్ద మొహానికి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. మొహమంతా తయారయ్యాక దానికి గోనెపట్టా కప్పేసేవాడు. కళ్ళ గుంటలు మాత్రం ఖాళీగా ఉంచేవాడు. గృహప్రవేశం నాడు పరంజా ఎక్కి, గోనె కిందికి చెయ్యి పోనిచ్చి, తన మొహం వీధివైపు తిప్పుకుని, చేతి తడుముడుతోనే కళ్ళు పెట్టేవాడు. గోళీసోడా సీసాల్లో గోళీలే ఆ కళ్ళు. కళ్ళు పెట్టాక, మొదటి చూపు పడేదాకా దాన్ని తనూ చూడకూడదు. గోనె లాగేసరికి కింద నిలబడి తలెత్తి మొట్టమొదట చూసేవాడు ఆ ఇంటికి గిట్టనివాడై ఉండాలి. మనవాడు ముందు చూస్తే మొహం మెతకబడుతుందట. గిట్టనివాడు ముందు చూస్తే వాడి ఏడుపు మింగి మొహం గట్టిపడుతుందట. ఇంటివాడో, పనివాడో లోపల కుళ్ళుకుంటూ ముందు చూస్తే మాత్రం ఆ ఏడుపు ఆ ఇంటి మీదికే తిరుగుతుందట. అదీ నియమం.

ఊళ్ళో అందరూ దీన్ని నమ్మారు. నేనూ నమ్మాను. దీంతో ఎన్ని తమాషాలు జరిగాయో. మేడ కట్టినవాడు ఏళ్ళ తరబడి మాటల్లేని పగవాడి ఇంటికి వెళ్ళి, "బాబ్బాబు, రేపొకసారి వచ్చి మా వాకిలి చూసిపోవా" అని బతిమాలుకోవాలి. పగవాడు బెట్టు చేసి, ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చేవాడు. తలెత్తి ఆ కోరలూ ఆ గుడ్లూ చూసేసరికి నవ్వాపుకోలేకపోయేవాడు. నవ్వినవాడికి కాఫీ ఇవ్వకుండా ఎలా పంపుతారు? కాఫీ తాగుతూ మాటలు కలిసేవి. గట్టు తగాదాలు కొన్ని అలా వాకిట్లోనే చల్లారాయి.

అన్నదమ్ముల ఇంటి దగ్గర మాత్రం ఆ నియమం అడ్డం తిరిగింది.

ఆ అన్నదమ్ములు మిరపకాయల కమీషన్ కొట్టు నడిపేవాళ్ళు. పెద్దాయన గల్లా దగ్గర, చిన్నాయన బస్తాల దగ్గర. పెద్దాయన తమ్ముణ్ణి "ఒరేయ్" అని వీధి చివర వినపడేలా పిలిచేవాడు. చిన్నాయన "వస్తన్నా అన్నయ్యా" అని అంతకంటే గట్టిగా పలికేవాడు. ఇద్దరి భార్యలకూ ఒకటే వంటిల్లు. యాభైల చివర ఆ మేడ కట్టారు. దాని వాకిలి మీద మేస్త్రి చేసిన మొహం ఆయన చేసినవాటన్నిటిలోకీ గొప్పది. పైపూతకు కోడిగుడ్డు సొన కలిపి రోజుల తరబడి రుద్దాడు. గోనె కప్పబోయే ముందు నన్ను పిలిచి చూపించాడు. కళ్ళు లేకపోయినా అది నన్ను చూస్తున్నట్టే ఉంది.

"ఇక దీనికి మించింది నా వల్ల కాదండి" అన్నాడు. గర్వంగా కాదు, బరువు దించుకున్నట్టు అన్నాడు.

గృహప్రవేశం నాడు నేను వాకిట్లోనే ఉన్నాను. ఎదురు వీధిలో ఇంకో మిరపకాయల వ్యాపారి ఉండేవాడు, వీళ్ళకు బద్ధశత్రువు. ఆయన్ను మర్యాదగా పిలిపించి ముందు నిలబెట్టారు. మేస్త్రి గోనె కిందికి చెయ్యి పెట్టి, మొహం మావైపు తిప్పి, నన్ను చూసి కన్నుగీటాడు. గోళీలు పెట్టేశాడు. గోనె లాగాడు. సరిగ్గా అప్పుడే ఆ శత్రువుగారి కళ్ళద్దాల మీద పసుపునీళ్ళు చిందితే, తీసి పైపంచెతో తుడుచుకుంటున్నాడు. చిన్నాయన అప్పటిదాకా కొట్టులో బస్తాలు దించుతూ ఉండిపోయాడు. ఆలస్యమైపోయిందని పరుగెత్తుకుంటూ వచ్చి, గుంపులోంచి తల పైకెత్తి, ఆ మొహాన్ని చూశాడు. మిరప ఘాటుకు ఆయన కళ్ళు నిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి. నీళ్ళు కారుతున్నాయి.

"అయ్యయ్యో, మొదటి చూపు చిన్నయ్యది!" అని ఎవరో అన్నారు.

"చూడు చూడు, ఎంత ఎర్రగా చూశాడో" అని ఇంకొకరు. అందరూ నవ్వారు. పెద్దాయన కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒరేయ్, నేనంటే నీకింత కుళ్ళని తెలీదురా!" అన్నాడు. మేస్త్రి ఒక్కడే నవ్వలేదు. పరంజా మీద గోనె చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆ ఘాటు మా ఊళ్ళో ఎవరికి తెలియదు? కోతల రోజుల్లో ఊరంతా తుమ్ముతుంది, ఊరంతా కళ్ళు నలుపుకుంటుంది. ఆ రోజు అందరికీ తెలిసిన సంగతే తర్వాత ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

కొన్నేళ్ళు బాగానే గడిచాయి. తర్వాత మిరపకాయల గోడౌను తగలబడింది. ధర పడిపోయిన ఏడు సరుకు మిగిలిపోయింది. పెద్దాయన భార్య మేడ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. మనిషన్నాక ఇవన్నీ వస్తాయి. కానీ కుంటుతూ వంటింట్లో తిరిగే భార్యను చూసి పెద్దాయన ఒకరోజు, "ఆ రోజు మావాడు చూసిన చూపు ఊరికే పోయిందనుకున్నారా?" అన్నాడట. మొదట కోపంలో అన్నాడు. తర్వాత మామూలుగా అనసాగాడు. ఆ తర్వాత అనడం మానేశాడు, నమ్మడం మొదలుపెట్టాడు. తమ్ముణ్ణి "ఒరేయ్" అనడం కూడా మానేశాడు. "మీ చిన్నాయన్ను పిలవండి" అని పిల్లల చేత కబురు పంపేవాడు.

చిన్నాయన నా కొట్టుకు వచ్చి సున్నం కావాలన్నాడు. ఎందుకని అడిగితే హాలు మధ్యలో గోడ పెడుతున్నామని చెప్పాడు.

"మీరైనా సర్దుకోవచ్చు కదండీ" అన్నాను.

"ఏం సర్దుకోను శెట్టిగారూ? నేను తిన్న ప్రతి ముద్దనీ అన్నయ్య చూపుతో కొలుస్తున్నాడు. నా పిల్ల వదిన దగ్గరికి పోతే ఆవిడ తన పిల్లల్ని లోపలికి పంపేస్తంది. ఇంకెందుకు, పొయ్యిలు కూడా వేరైపోతే ఎవరి బతుకు వాళ్ళు బతకొచ్చు" అన్నాడు. ఆయన కళ్ళు ఆ రోజు కూడా ఎర్రగానే ఉన్నాయి. మిరపకాయల వల్ల కాదు.

ఆ సాయంత్రం మేస్త్రి ఎప్పటిలాగే బల్ల మీద కూర్చున్నాడు. అప్పటికి ఆయనకు పనులు తగ్గుతున్నాయి. సిమెంటు వచ్చింది, తూముల బదులు గొట్టాలు వచ్చాయి. పక్కన పెట్టిన సున్నం ఎవరికని అడిగాడు. చెప్పాను. ఆయన దవడలు రెండు చేతులతో పట్టుకున్నాడు. చివరికి, "శెట్టిగారూ, ఆ మొదటి చూపు మాట మా గురువు చెప్పింది కాదండి. పెద్దలెవరూ చెప్పింది కాదు. నేను పుట్టించిందే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన మెల్లగా చెప్పాడు. కుర్రతనంలో ఒక ఊరికి పనికి పోయాడట. పక్కపక్క ఇళ్ళవాళ్ళకు మాటల్లేవు. ఈయన నిచ్చెన పక్కింటి దొడ్లో వేస్తే తప్ప ఆ మూల మొహానికి చెయ్యి అందదు. పక్కింటాయన నిచ్చెన వెయ్యనివ్వడు. ఎంత బతిమాలినా వినలేదు. అప్పుడు తోచింది చెప్పాడట, "అయ్యా, ఈ మొహానికి మొదటి చూపు మీదే పడాలి, మీరు లేందే వాళ్ళకీ మొహం పనికిరాదు" అని. పక్కింటాయన పొంగిపోయాడు. నిచ్చెన వెయ్యనిచ్చాడు, పట్టుకుని నిలబడ్డాడు కూడా. ఇల్లు పూర్తయ్యేసరికి ఇద్దరూ ఒకే అరుగు మీద చుట్ట కాలుస్తున్నారు.

"బాగానే ఉందనిపించింది. తర్వాతి ఊళ్ళో మళ్ళీ చెప్పాను. పదిమందీ చెప్పుకున్నారు. నేనే మర్చిపోయానండి అది అబద్ధమని. ఇప్పుడు చూడండి, నా నోట్లో పుట్టిన ముక్క ఒక ఇంటిని నరుకుతోంది" అన్నాడు.

మర్నాడు ఉదయం ఇద్దరం పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. మేస్త్రి చేతులు కట్టుకుని మొత్తం చెప్పాడు. చిన్నయ్యగారి కళ్ళు ఘాటుకు ఎర్రబడ్డాయని చెప్పాడు. ఆ నియమం తను కల్పించిందని చెప్పాడు. పెద్దాయన పడక్కుర్చీలోంచి లేవకుండా విన్నాడు.

"మావాడు పంపాడా నిన్ను?"

"లేదయ్యా, అల్లా సాక్షిగా..."

"ఒకవేళ నువ్వే కల్పించావనుకో. కల్పించింది నిజమైందా లేదా? గోడౌను కాలిందా లేదా? మా ఆడమనిషి పడిందా లేదా? ఎవడు పుట్టిస్తే నాకేం? ఆ చూపు పడింది, పని చేసింది" అన్నాడు పెద్దాయన.

నేను చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. మేం వచ్చేశాం. దారిలో నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత లోకం చూసినవాడు, ఇంత వ్యాపారం చేసినవాడు, సొంత తమ్ముడి కన్నీళ్ళను నమ్మలేక ఒక సున్నం బొమ్మను నమ్ముతాడా? మేస్త్రికి కోపం లేదు. నడవలేనట్టు నడుస్తున్నాడు. కొట్టు దగ్గరికి వచ్చాక, "నిజం చెబితే నమ్మలేదు కదండీ. అబద్ధం చెప్పి చూస్తాను" అన్నాడు.

"ఏం అబద్ధం?"

"మీకు చెబితే వద్దంటారు."

గోడ పని మొదలుపెట్టే రోజు పొద్దున్నే నేనూ అక్కడికి వెళ్ళాను. తాపీవాళ్ళు హాలు మధ్యలో నా కొట్టు సున్నంతోనే తెల్లటి గీత పోశారు. గీతకు అటు పెద్దాయన, ఇటు చిన్నాయన. వెనక వసారాలో రెండో పొయ్యి పెట్టడానికి మట్టి తడిపారు. ఆడవాళ్ళు చెరో తలుపు పక్కనా ఏడుస్తున్నారు. పెద్దమనుషులు నలుగురైదుగురు గోడకు ఆనుకుని ఉన్నారు. మేస్త్రి ఎవరూ పిలవకుండా లోపలికి వచ్చి, ఆ గీత దగ్గర నిలబడ్డాడు.

"అయ్యా, మొన్న మీకు అబద్ధం చెప్పాను. ఆ మొదటి చూపు చిన్నయ్యగారిది కాదు. నాది" అన్నాడు.

తాపీవాళ్ళు పని ఆపి తలెత్తారు.

"కళ్ళు పెట్టేటప్పుడు నేను మొహం తిప్పుకోవాలి. తిప్పుకోలేదు. గోనె పక్కకి జరిపి చూశాను. నా ఇల్లు తాటాకు కొంపయ్యా. వానొస్తే పిల్లలు పడుకునే చోట కుండలు పెట్టుకుంటాం. మీకు మేడ, మేడ మీద గది. దాన్ని కాపాడే మొహం మళ్ళీ నా చేతులే చెయ్యాలి. కడుపు మండింది. మండుతూనే చూశాను. ఈ ఇల్లు కూలిపోవాలనుకుని చూశాను."

అది అబద్ధమని నాకు తెలుసు. ఆ రోజు ఆయన మొహం మావైపే ఉంది. నన్ను చూసి కన్నుగీటిన మనిషి గోనె వెనక్కి ఎలా చూస్తాడు? కానీ ఆ మాటలంటున్నప్పుడు ఆయన మొహం చూసి నేనే ఒక అడుగు వెనక్కి వేశాను. కనుగుడ్లు ముందుకు వచ్చాయి. పెదవి పైకి లేచింది. ముక్కు ఉబ్బింది. పరంజా మీద ఉన్నప్పటి మొహమే అది. ఇన్నేళ్ళు అద్దంలో చూసుకుని ఆయన చేసిందల్లా ఎదుటివాడి బాగు ఓర్వలేని మొహమే కదా. దాన్ని ఎలా పెట్టాలో ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

పెద్దాయన వెంటనే నమ్మాడు. నిజాన్ని నమ్మనివాడు దీన్ని ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నమ్మాడు. ఆయన మొహం నల్లబడింది. చిన్నాయన గీత దాటి వచ్చి మేస్త్రి చొక్కా పట్టుకున్నాడు.

"నీ వల్లేనంట్రా నేను ఇన్నాళ్ళు దొంగలా బతికింది! మా అన్నయ్య నాతో మాటాడక ఎన్నాళ్ళైందో తెలుసంట్రా నీకు!"

"ఒరేయ్, వదలరా వాణ్ణి! ముట్టుకోకు, నీకు చుట్టుకుంటది!" అని పెద్దాయన అరిచి, తమ్ముడి భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. అలా లాగుతూ అక్కడే ఆయన్ను పట్టుకుని ఏడ్చాడు. చిన్నాయన అన్న భుజం మీద తల పెట్టాడు. వాళ్ళ కాళ్ళ కింద ఆ సున్నం గీత చెరిగిపోయింది. మేస్త్రి చొక్కా సర్దుకుని ఎవరి వంకా చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

గోడ లేవలేదు. వెనక వసారాలో తడిపిన మట్టి అలాగే ఎండిపోయింది. తెచ్చిన ఇటుకలు పశువుల కొట్టానికి వాడుకున్నారు. తడిపిన సున్నం నేనే వెనక్కి తీసుకున్నాను, దాన్ని ఇంకెవరు తీసుకుంటారు? ఆ వారంలోనే వేరే మేస్త్రిని పిలిచి వాకిలి మీది మొహాన్ని సుత్తులతో కొట్టించేశారు. కోడిగుడ్డు సొనతో రుద్దిన పూత అంత సులభంగా రాలేదు. ఆ దెబ్బలు నా కొట్టు దాకా వినిపించాయి. మేస్త్రి బల్ల మీద కూర్చునే విన్నాడు.

"గట్టిగా చేశానండి" అన్నాడు అంతే.

కన్నుకుట్టు మేస్త్రి అన్న మాట సత్తెనపల్లి నుంచి తుళ్లూరు దాకా పాకింది. ఇక ఆయన చేత మొహం చేయించుకునేవాడెవడు? సిమెంటు వచ్చినా పల్లెల్లో ఇంకొన్నేళ్ళు ఆ పని ఉండేదే. అది కూడా పోయింది. బతకడానికి పిడుగురాళ్ల పోయి సున్నం బట్టీల దగ్గర రాళ్ళు మోసే పనిలో చేరాడు. నేను సరుకుకు వెళ్ళినప్పుడు ఒకసారి అక్కడ కనిపించాడు. తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి దుమ్ము. మనిషి సగమైపోయాడు. బట్టీ వేడికి కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. టీ తాగుదాం రమ్మని పక్కకు తీసుకెళ్ళాను.

"మేస్త్రీ, ఇక చాల్లే. నేను వెళ్ళి నిజం చెప్పేస్తాను. నేను సాక్షిని, చూసినవాణ్ణి" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. నాతో ఎప్పుడూ లేనంత కటువుగా మాట్లాడాడు.

"చెప్పకండి. నేను కాదని తేలితే మళ్ళీ ఎవరు? చిన్నయ్యగారే కదా. మళ్ళీ గీత పోస్తారు. నేను బతికున్నా పోయినా చెప్పకండి. వాళ్ళకి తిట్టుకోవడానికి ఒకడుండాలి, ఆ ఒకణ్ణీ నేను చూపించాను. దాన్ని మీరు పాడుచెయ్యకండి."

"నీకు బాధగా లేదా?"

"బాధ ఎందుకుండదండీ? నమాజు దగ్గర పక్కన నిలబడేవాడు కూడా అటు జరిగి నిలబడతన్నాడు. మా ఇంట్లోది బజారుకి పోవడం మానుకుంది." గ్లాసు మళ్ళీ అందుకుని, "కానీ ఒకటి బాగుందండి. మొహం నొప్పి తగ్గింది" అన్నాడు.

ఇద్దరం నవ్వబోయాం. నవ్వు రాలేదు. నాకు ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకున్నాను. రాయిలా ఉంది.

అరవైల చివర ఒక ఎండాకాలం, దగ్గు ముదిరి పోయాడు. కబురు తెలిసి వెళ్ళేసరికి ఖననానికి తీసుకుపోతున్నారు. వెనక నడిచినవాళ్ళు కొద్దిమందే, అంతా బట్టీల దగ్గర కూలీలు. నేనూ నడిచాను, గుప్పెడు మన్ను వేశాను. తిరిగి సత్తెనపల్లి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అన్నదమ్ముల మేడ ముందు నుంచే మా ఇంటికి దారి. ఇద్దరూ వాకిట్లో నీడన కుర్చీలు వేసుకుని, ఒకే చేటలో పోసిన మిరపకాయల్లో తాలు ఏరుతున్నారు. చిన్నాయన నన్ను చూసి లేచాడు.

"శెట్టిగారూ, రండి, మజ్జిగ తాగి పోదురుగాని."

"స్నానం చెయ్యలేదండి. చావు దగ్గర్నుంచి వస్తన్నా" అని వీధిలోనే ఆగాను.

"ఎవరు పోయారు?"

చెప్పాలా వద్దా అనుకున్నాను. నోరు ఆగలేదు. "మొహాల మేస్త్రి" అన్నాను.

పెద్దాయన చేటలోంచి చేతులు తీసి దులుపుకున్నాడు. ఆయనకు వయసు మీద పడింది, తల వణుకుతోంది. మొహంలో మాత్రం ఎక్కడలేని వెలుగు వచ్చింది.

"ఎవడూ, ఆ కన్నుకుట్టు వెధవేనా? హమ్మయ్య, పీడ విరగడైంది. ఒరేయ్, లోపలికెళ్ళి మీ వదినతో చెప్పు, ఇవాళ పాయసం చెయ్యమని."

నా నోటిదాకా వచ్చింది మాట. ఆ మట్టి ఇంకా నా గోళ్ళలోనే ఉంది. మింగుకుని నిలబడ్డాను.

"అలాగే అన్నయ్యా" అని చిన్నాయన లోపలికి వెళ్ళాడు. ఆ ఇంట్లో అప్పటికీ ఒకటే వంటిల్లు.